నూకాలు పట్టు

మైదానం తడిగా ఉంది, అయినా దుమ్ము లేస్తోంది, నేను గ్రౌండులో ఒక పక్కన బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని వ్యాసం రాసుకుంటున్నాను, అరవై దాటినదాన్ని పదిహేడేళ్ళప్పటి నీలం నిక్కరు వేసుకుని కూర్చున్నాను, పిక్కల మీద నరాలు ఉబ్బి కనిపిస్తున్నా నాకు సిగ్గేమీ వేయడం లేదు. కాగితం పైన "నా జీవితాన్ని ప్రభావితం చేసిన వ్యక్తులు" అని శీర్షిక ఉంది. పాత కబడ్డీ క్రీడాకారిణులమంతా కలుసుకునే రోజున సంచిక వేస్తారట, నలుగురి గురించి రాసి పొద్దున్నకల్లా పంపమన్నారు, నలుగురే ఎందుకమ్మా అంటే పేజీలో అంతే పడతారంది ఫోన్లో సంచిక పని చూసే పిల్ల. ముగ్గుర్ని రాసేశాను. మొదట మా అయ్య, మిల్లు కాలనీలో "ఆడగుంటకి ఆటలేటి" అన్న ప్రతివాడితోనూ దెబ్బలాడినవాడు. తర్వాత సన్యాసిరావు మాస్టారు, నాకు కూత నేర్పినవాడు. మూడోది మా ఆయన, రాయకపోతే వారం రోజులు మూతి ముడుచుకుంటాడు కాబట్టి. నాలుగో అంకె వేసి పక్కన చుక్క పెట్టాను, పెట్టిన చుక్క మీదే కలం నిలబడిపోయింది.

ఎవరో దగ్గినట్టయి తలెత్తుతాను. చుట్టూ గ్యాలరీ ఉంది, ఇందాక లేదు, మెట్లు మెట్లుగా పైకి లేస్తూ మబ్బుల దాకా వెళ్ళిపోయింది, ప్రతి మెట్టు మీదా మనుషులు కిక్కిరిసి కూర్చున్నారు, ఒక్కరూ మాట్లాడడం లేదు, అందరూ నన్నే చూస్తున్నారు. కింది వరసలో మా అయ్య తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆయన పక్కన, మా పెద్దవాళ్ళు తిట్టకుండా నిక్కర్లు మోకాళ్ళ కిందికి వచ్చేలా కుట్టిచ్చిన టైలరు భార్య ఉంది, ఆవిడ పేరు నాకు ఇప్పటికీ తెలీదు. ఇంకా పైన నేను తాకి ఔట్ చేసినవాళ్ళు, నన్ను పట్టి పడేసినవాళ్ళు, ఏ ఊరి జట్టులోనో ఒక్క ఆట ఆడి మళ్ళీ కనపడకుండా పోయినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ ముఖాలన్నీ గుర్తొస్తున్నాయి. ఓలమ్మో, ఇంతమందా! ఇంతమంది కలిసి చేస్తేనా నేను ఒక్కదాన్ని అయ్యాను, అనుకుంటూ నోరు తెరుచుకుని చూస్తుండిపోతాను.

మాస్టారి విజిల్ మోగుతుంది. నా కాగితం మీద మార్జిను కోసం గీసుకున్న ఎర్రగీత మెల్లిగా కదిలి, కాగితం దిగి, నేల మీదికి పాకి, మైదానం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగి మధ్యగీత అయి పడుకుంటుంది, నాకు ఇందులో వింతేమీ కనిపించదు, గీత వంకర పోలేదు కదా అని మాత్రం చూసుకుంటాను. గీతకి అవతల, వెనక మూలలో, మోకాళ్ళు కొద్దిగా వంచి, రెండు చేతులూ ముందుకు చాచి నూకాలు నిలబడి ఉంది.

నూకాలు పోయిన వానాకాలంలో చచ్చిపోయింది. జ్వరమట, మూడు రోజులేనట, నాకు తెలిసేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. ఆ సంగతి కల్లోనూ నాకు తెలుసు, తెలిసే ఆమెని చూస్తున్నాను, తల తడిసి ముద్దయి ఉంది, జుట్టు సగం నల్లగా సగం తెల్లగా ఉంది, ఆమె వెనక గ్యాలరీ లేదు, సముద్రం ఉంది. ఆ చేతులు మాత్రం అప్పటివే. భీమిలి అవతల వాళ్ళ ఊళ్ళో పుట్టిన దగ్గర్నుంచి వలతాడు లాగిన చేతులు, ఆ చేతులకి దొరికిన కాలు మళ్ళీ వెనక్కి రాదని మా జిల్లాలో పేరు, నేను ఆ రోజుల్లో పడుకునే ముందు దేవుణ్ణి కాదు, ఆ చేతుల్నే తలుచుకునేదాన్ని.

"ఏటే వరాలూ, కూకుండిపోనావు? రా, కూతకి రా" అంటుంది.

వరహాలమ్మ గారూ అని తప్ప నన్నెవరూ పిలవక ఎన్నేళ్ళో అయింది. ఒక్క పిలుపుతో నా నోట్లోకి మా ఊరి మాట వచ్చి కూర్చుంటుంది.

"నాను రానే, నాకు మోకాళ్ళు నొప్పులు" అంటాను.

"నాకు పేణమే నేదు, నాను రానేదేటి?"

లేచి నిలబడతాను, మోకాళ్ళు కిక్కురుమనవు.

"కూత ఆపితే నివ్వు ఔటు. ఆపకుండా ఏటడిగినా అడుగు, సెప్తాను. నలభయ్యేళ్ళుగా నాలిక సివర ఎట్టుకు తిరగతన్నావు కదా" అంటుంది నూకాలు, అని నవ్వుతుంది, పై పన్ను మీది పన్ను అలాగే ఉంది.

నేను గీతకి దండం పెట్టి, గుండెల నిండా గాలి పీల్చుకుని, కబడ్డీ కబడ్డీ కబడ్డీ అంటూ గీత దాటుతాను, దాటగానే నా అడుగుల కింద మైదానం ఇసక అవుతుంది, ఇసక మా రైల్వే ఆఫీసు గచ్చు అవుతుంది, గచ్చు మీద నా కుర్చీ, నా టేబులు, అక్కడ కూర్చుని పెంచుకున్న ఇద్దరు పిల్లలు, కట్టుకున్న ఇల్లు, అన్నీ పక్కనుంచి జరిగిపోతుంటాయి, కబడ్డీ కబడ్డీ, అది కాస్తా విశాఖపట్నం బస్సు కాంప్లెక్సు అవుతుంది, నీ చేతిలో ఎండుచేపల సంచి, నా చేతిలో ఆఫీసు బ్యాగు, బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నాం, అప్పుడే అడుగుదామనుకున్నానే నూకాలూ, ఈలోగా నీ బస్సు వచ్చింది, నా బస్సు కదిలింది, కబడ్డీ కబడ్డీ, ఆ రోజు రైల్వే జట్టు సెలక్షన్లలో ఒక్క చోటే మిగిలింది, నువ్వో నేనో, ఆఖరి కూతకి నేనొచ్చాను, నువ్వు నా మడమ పట్టేశావు, పట్టేస్తే అయిపోయినట్టే, నేను బోర్లా పడి మధ్యగీత కోసం చెయ్యి చాపాను, కూత తెగకుండా వేలు గీతకి తగిలితే నాది, తెగితే నీది, తగల్లేదు, తగల్లేదు, అంతలో నీ పట్టు సడలింది, ఒక్క రెప్పపాటు, ఎవరూ చూడలేదు, మాస్టారు కూడా చూడలేదు, నా మడమకి తెలిసింది, నా వేలు గీతని తాకింది, నాకు ఉద్యోగం వచ్చింది, నువ్వు మీ ఊరు వెళ్ళిపోయావు, కబడ్డీ కబడ్డీ, నిజం చెప్పు, కావాలనే వదిలేశావా, నువ్వు నన్ను ఒగ్గేసినావా?

కూత తెగలేదు. ఇంత మాట ఒక్క ఊపిరిలో ఎలా వచ్చిందో నాకే ఆశ్చర్యంగా ఉంది. గ్యాలరీలో వాళ్ళంతా ముందుకు వంగారు, ఆకాశమే ఒంగినట్టుంది.

"ఒగ్గేసినానా?" అంటుంది నూకాలు. "నానా?"

నవ్వుతుంది. ఆ నవ్వుకి వెనక సముద్రం గట్టు దిగి ఆమడదూరం వెళ్ళిపోతుంది, నేల బయటపడుతుంది, నవ్వు ఆగాక మళ్ళీ మెల్లిగా వచ్చి ఆమె మడమల దగ్గర కూర్చుంటుంది.

"ఒలే, ఆ ఉజ్జోగం నాకు అక్కర్నేదనేటి నీ ఉద్దేశం? ఆ పొద్దు మాయమ్మ నాకోసరం నూకాలమ్మ తల్లికి కోడిని మొక్కుకుంది. మా ఊరు ఊరంతా నాకోసరం సూస్తంది. నీకోసరం ఒగ్గేత్తానా? నివ్వేటి, నా సుట్టానివేటి?"

"మరి నీ చెయ్యి సడలింది కదే, కబడ్డీ కబడ్డీ, నాకు తెలీదా?"

"సెయ్యి మార్సినానే! కుడిసెయ్యి సెమటకి జారతంటే ఎడంసెయ్యి ఏసినాను. ఆ సెయ్యి తీసి ఈ సెయ్యి ఏసినంతలో ఎల్లిపోనావు. అలాగ ఎల్లిపోయినోళ్ళు నివ్వు తప్ప మరొకల్లు నేరు. నాను సచ్చినదాకా మా కోడళ్ళకి అదే సెప్పీదాన్ని, ఆ మిల్లు కాలనీ గుంట ఎంత గట్టిదో అని."

నా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, కూత ఆపకూడదు కాబట్టి ఏడవడం కుదరదు. ఇన్నేళ్ళూ నాకు దానమిచ్చిన ఉద్యోగం చేశానేమోనని ఒక అనుమానం, జీతం రోజున కూడా మనసులో ఎక్కడో ముల్లులా గుచ్చుకునేది, రైల్వే జట్టులో గెలిచిన మెడల్ తీసి తుడిచినప్పుడల్లా ఇది నాదా అనిపించేది, ఆ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు. అయినా నా బుద్ధి నాది, నాకు అంత తేలిగ్గా నమ్మకం కుదరదు.

"నా మనసు కష్టపడుతుందని చెప్తున్నావేమో, కబడ్డీ కబడ్డీ" అంటాను.

"సచ్చినోళ్ళకి మొగమాటాలేటే? నమ్మకపోతే కాలియ్యి."

కుడికాలు ముందుకు వేస్తాను. వేశానో లేదో నూకాలు మూల నుంచి లేచి వస్తుంది, రావడం కనిపించదు, వచ్చేసి ఉంటుంది, మడమ పైన రెండు చేతులూ పడతాయి, నేను నేలకి కొట్టుకుంటాను. అమ్మ బాబోయ్, అదేం పట్టు! ఎముక దాకా కాదు, ఇంకా లోపలికి వెళ్ళింది. అందులో వాళ్ళమ్మ మొక్కు ఉంది, ఇసకలో తెల్లారి లేచి పరిగెత్తిన పరుగులు ఉన్నాయి, ఆమెకి కావలసిన ఉద్యోగం ఉంది, ఆమె బతకాలనుకున్న బతుకంతా ఉంది, అంతా కలిసి నా ఒక్క కాలిని పట్టుకుని ఉంది. పెళ్ళిపీటల మీద చెయ్యి పట్టుకున్న మా ఆయన కూడా నన్ను ఇంత గట్టిగా పట్టుకోలేదు. నన్ను ఇంతగా లెక్కచేసిన మనిషి మరొకరు లేరు, ఆ మాట నాకు అప్పుడే తెలుస్తుంది.

బోర్లా పడ్డదాన్ని చేతుల మీద పాకుతాను. గీత జానెడు దూరంలో ఉంది, ఎర్రగా, తిన్నగా, నేను గీసుకున్న మార్జిను గీతే. కబడ్డీ కబడ్డీ, గొంతు సన్నబడుతోంది, గ్యాలరీ మొత్తం లేచి నిలబడింది, అంతమంది లేచినా బట్ట చప్పుడు లేదు, మా అయ్య తలపాగా చేత్తో నలిపేస్తున్నాడు.

"లాగే ముసల్దానా, లాగు!" అంటుంది నూకాలు నా వెనకనుంచి, తనకీ రొప్పు వస్తోంది. "నానొగ్గను. నివ్వు ఆగకు."

"నూకాలూ, నాలుగోది నీ పేరు రాయనా? కబడ్డీ కబడ్డీ."

"రాసుకో. నానడ్డేటి?"

"ఏమని రాయను?"

"పట్టుకున్నాదని రాయి. ఒగ్గేసిందని రాసినావంటే మాత్రం రోజూ వచ్చి నీ కాలట్టుకు లాగీసి పోతాను."

నాకు నవ్వొస్తుంది, నవ్వితే ఊపిరి పోతుంది, ఆపుకుంటాను, అరజాన, బెత్తెడు, వేళ్ళు చాపుతాను, పట్టు ఒక్క పిసరు సడలదు, సడలకూడదు దేవుడా అనుకుంటాను, గెలవాలని ఎంత ఉందో ఆమె ఒగ్గకూడదని అంత ఉంది, చివరి గాలి చివరి కబడ్డీ అయి నోట్లోంచి పోతుంటే గీత తగిలిందా లేదా అని చూడబోతాను, కళ్ళు మూతపడి ఉన్నాయి.

"ఏమిటే ఆ కేకలు? ఈ వయసులో కబడ్డీ ఏమిటి?" అని మంచం మీంచి మా ఆయన గొంతు వినిపిస్తుంది.

తెల్లవారింది. వంటింటి కిటికీలోంచి వెలుతురు గచ్చు మీద పడుతోంది. నడుం నొప్పికి కింద చాప వేసుకుని పడుకున్నదాన్ని, చాప దాటి ఎక్కడికో వచ్చేసి బోర్లా పడి ఉన్నాను, పరిగెత్తి వచ్చినట్టు రొప్పుతున్నాను. కుడికాలు కదలదు. తల తిప్పి చూస్తే దుప్పటి మడమ చుట్టూ రెండు చుట్లు చుట్టుకుని, దాని కొస మంచంకోడు కింద ఇరుక్కుని ఉంది. లాగాను, రాలేదు. ఇంకోసారి లాగి, ఊరుకున్నాను.

చాచిన కుడిచెయ్యి రాత్రి తలాపున పెట్టుకున్న కాగితం మీద ఉంది, నాలుగో అంకె పక్కన. దుప్పటి బిగుతుగా లాగిపట్టే ఉంది, నా చూపుడువేలు మాత్రం ఎర్రగీతని గోరంత దాటి అవతల ఉంది.