పున్నమి వంతు

"ఇవాళ పరీక్ష లేదులే. తొందరేం లేదు, మూడో కూర కూడా చేసెయ్" అన్నాడు మధుసూదన్ కాఫీ అందుకుంటూ.

కనకదుర్గ చేతిలో బెండకాయ సగం తరిగి ఉంది. కత్తి ఆగింది.

"లేదంటే?"

"నిన్న సాయంత్రం పోస్ట్‌పోన్ కొట్టాను. నాకు ఆఫీసులో రిలీజ్ ఉంది. పున్నమి వంతు మనది. భంతేలకి అన్నం ఎవరు తీసుకెళ్తారు మరి?"

"పదకొండుకి అక్కడిచ్చేసి, రెండింటికి పరీక్షకి వెళ్తానన్నాను కదండీ."

"రోడ్డంతా మంచు. అక్కడ లేటైతే నా మాట పోతుంది. మార్చిలో రాద్దువుగానీ."

మార్చికి ఆమె ఫైలే ఉండదు. ఈ నెలాఖరుతో గడువు తీరిపోతుంది, ఈలోగా ఇంకో తేదీ లేదు. ఆ సంగతి అతనికి నాలుగుసార్లు చెప్పింది. బందరులో పదకొండేళ్ళు నర్సుగా చేసిన మనిషి. కెనడాలో, ఈ గ్వెల్ఫ్‌లో మళ్ళీ నర్సు కావాలంటే కాలేజీ నుంచి కాగితాలు, ఆస్పత్రి నుంచి కాగితాలు తెప్పించి, ఈ ఒక్క పరీక్షా రాయాలి. తెప్పించడానికి రెండేళ్ళు పట్టింది. మొదటిసారి తేదీ వచ్చినప్పుడు అతను పదిరోజుల మౌనధ్యానానికి వెళ్ళాడు. రెండోసారి అత్తగారు విమానం దిగింది. ఇది మూడోసారి. ఫైలు తెరిచేటప్పుడు, "నీకా మెయిల్స్ తలనొప్పి ఎందుకు, నా ఐడీ ఇచ్చేద్దాం" అన్నాడు. అందుకని ఒక్క నొక్కుతో పరీక్ష పోయింది. నొక్కింది అతని వేలే, ఆమెకి చెప్పాల్సిన పని కూడా పడలేదు.

"మొహం అలా పెట్టకు. కోపం వస్తే ఊరికే గమనించు. వస్తుంది, పోతుంది" అన్నాడు.

హాల్లోంచి అత్తగారు లక్ష్మీకాంతం అందుకుంది. "పరీక్షలు ఎప్పుడూ ఉండేవేనమ్మాయ్. సన్యాసులకి పెట్టే భాగ్యం అందరికీ పడుతుందా?"

మూడో కూర చేసింది. చేతులు వాటంతటవే చేశాయి.

ఆరేళ్ళ కిందట అతని ఉద్యోగం పోయింది. లైబ్రరీలో జరిగే ధ్యానం క్లాసుకి వెళ్ళాడు. పుస్తకాలు తెచ్చాడు, చదివాడు, పుట్టిన దేశంలో ఏనాడూ తలవని బుద్ధుణ్ణి ఇక్కడికొచ్చి పట్టుకున్నాడు. మళ్ళీ ఉద్యోగం వచ్చింది, బుద్ధుడు ఉండిపోయాడు. ఊరి బయట పాత ఫామ్‌హౌస్‌ని ఆరామం చేసుకుని ముగ్గురు భంతేలు, అంటే బౌద్ధ సన్యాసులు, ఉన్నారు. ముగ్గురూ ఇక్కడ పుట్టిన తెల్లవాళ్ళే. వండుకోరు, దాచుకోరు, నోరు తెరిచి అడగరు. ఎవరైనా చేత్తో అందించాలి. అది కూడా పగలు పన్నెండు లోపల. దాటితే మర్నాటి దాకా నీళ్ళే. ఆడది నేరుగా చేతికివ్వకూడదు. వాళ్ళొక గుడ్డ పరుస్తారు, దానిమీద గిన్నె పెడితే లాక్కుంటారు. బందరు ఆస్పత్రిలో ఎంతమంది మగవాళ్ళ పుళ్ళు కడిగాయో కనకదుర్గ చేతులు.

కిందటేడు యూనివర్సిటీ నుంచి ఒకావిడ వచ్చింది. పడమటి దేశాల్లో బౌద్ధం ఎలా పాకుతోందో రాస్తోందట. మధుసూదన్ రెండు గంటలు మాట్లాడాడు, ఆమె రికార్డు చేసుకుంది. కనకదుర్గ టీ ఇచ్చింది, పకోడీలు వేసింది. వ్యాసం అచ్చయింది. అందులో ఫొటో. భంతేల పక్కన చేతులు జోడించి నిలబడ్డ మధుసూదన్. కింద 'దాత' అని అతని పేరు. ఫొటో అంచున గిన్నె పట్టుకున్న రెండు చేతులున్నాయి, మణికట్టు పైన తెగిపోయి. లక్ష్మీకాంతం దానికి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టించింది. "గాజులు నీవేనే అమ్మాయ్, నేను గుర్తుపట్టాను" అంది. మెచ్చుకోలుగానే అంది.

పదకొండుకి కారు ఆరామం ముందు ఆగింది. లోపల గంట కొట్టారు. గాజు తలుపు వెనక ముగ్గురూ పాత్రలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఈ వారం వాళ్ళ దగ్గర సాయానికి ఉండే మనిషి కూడా లేడు. ఇవాళ పెట్టేది ఈ ఇల్లొక్కటే.

కనకదుర్గ దిగలేదు. హీటరు ఆపలేదు. ఫోను తీసి తన పేరు మీద కొత్త మెయిల్ ఐడీ చేసుకుంది. నర్సుల రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఉత్తరం రాసింది. నా ఫైలు కొత్తగా తెరవండి, మళ్ళీ అన్ని కాగితాలూ తెప్పిస్తాను, ఇకనుంచి ఈ అడ్రసుకే రాయండి అని. ఇంగ్లీషు ఎక్కడా తడబడలేదు. మళ్ళీ రెండేళ్ళు. పంపేసింది.

పదకొండూ నలభైకి పెద్ద భంతే మంచులో అడుగులు చూసుకుంటూ వచ్చాడు. ఒకప్పుడు బడి పంతులు. మంచివాడు. అదే కష్టం. ఆమె అద్దం దించింది. ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు.

"అంతా బాగానే ఉందా అమ్మా?"

"నా పరీక్ష ఆపేశారు భంతే. మీకు అన్నం తేవాలని."

పక్క సీటులో క్యారియర్ల మీద అతని చూపు పడింది. వెంటనే తిప్పుకున్నాడు. "అయ్యో. మేం ఎవర్నీ ఏదీ అడగమే."

"ఆరేళ్ళుగా మీరు అడగలేదు. నన్నూ ఎవరూ అడగలేదు."

"పరవాలేదు. ఒక్క పూటే కదా, ఉండగలం."

"నేనూ మొదట్లో ఒక్క పూటే అనుకున్నాను."

అతను తల ఊపి వెనక్కి నడిచాడు. లోపల ఉన్నవాళ్ళలో ఒకాయనకి షుగరు. ఎవరూ చెప్పలేదు, ఆ కాళ్ళు చూసి ఆమే కనిపెట్టింది. పన్నెండు దాటినా మందుగా తేనె తాగొచ్చని వాళ్ళ నియమాల్లో ఉంది, చూసుకుంటారు అనుకుంది. అనుకుని, కదలకుండా కూర్చుంది. ఇంత రాయిలా కూర్చోగలనని ఆమెకే తెలియదు.

ఫోను మోగింది.

"ఇచ్చేశావా?" అన్నాడు మధుసూదన్.

"లేదండీ."

"ఇంకా దారిలోనే ఉన్నావా?"

"గుమ్మం ముందే ఉన్నాను."

"మరి? పదకొండూ యాభై నాలుగు! కనపడట్లేదా?"

"కనపడుతోంది."

"పిచ్చిగానీ ఎక్కిందా? వాళ్ళు నిన్నటి నుంచి ఏం తినలేదే! అది నా పేరు మీద వంతు. రేపు వాళ్ళ ముందు తలెత్తుకోవాలా వద్దా నేను?"

ఆమె కారు అద్దం పైకెత్తింది.

"మార్చిలో నేనే దగ్గరుండి రాయిస్తానన్నానుగా. ఇప్పుడు దిగవే. దుర్గా, ప్లీజ్."

పెళ్ళైన పధ్నాలుగేళ్ళలో ఆ మాట అతని నోట ఇదే మొదలు. తనకోసం అన్న మాట కాదని ఆమెకి తెలుసు. అయినా విన్నది. బాగానే ఉంది వినడానికి.

పన్నెండైంది. గాజు తలుపు వెనక ముగ్గురూ ఖాళీ పాత్రలకి మూతలు పెట్టుకుని, తొందర లేకుండా, లోపలి గదిలోకి వెళ్ళిపోయారు.

కనకదుర్గ ఫోన్‌ని స్పీకర్లో పెట్టి డాష్‌బోర్డు మీద ఉంచింది. క్యారియర్ ఒళ్ళోకి తీసుకుంది. మూత తీస్తే ఆవిరి కారు అద్దాన్ని కమ్మేసింది.

"హలో? ఏమిటా చప్పుడు? ఏం చేస్తున్నావు?"

ముద్ద మింగి చెప్పింది.

"అన్నం తింటున్నానండీ."