టార్పాలిన్ అవతల

సముద్రం మచ్చుకైనా లేని ఊళ్ళో కూర్చుని సముద్రంలోకి పోయే పడవ కడుతున్నాడంటే, ఆ మనిషిని చూసి నలుగురూ నవ్వుకోవడంలో తప్పేమీ లేదు. ప్రభుదాసును చూసీ నవ్వారు. యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగు పాఠాలు చెప్పే ఈ మనిషి వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డులో పడవ మొదలుపెట్టిన నాటి నుంచి, స్టాఫ్‌రూములో టీ తాగే ప్రతివాడూ "ఏం సార్, హుస్సేన్ సాగర్‌లో వల వేస్తారా?" అని ఓ రాయి విసిరిపోయేవాడే. మొదట్లో పక్కన సామేలు ఉండేవాడు కాబట్టి ఆ నవ్వుల్ని ఇద్దరూ పంచుకునేవారు. తర్వాత ప్రభుదాసు ఒక్కడే మొయ్యాల్సి వచ్చింది.

సామేలూ, ప్రభుదాసూ బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున ఒకే పల్లెలో రెండేళ్ళ తేడాతో పుట్టారు. ఒకే సండే స్కూల్లో చదివారు, ఒకే హాస్టల్ గదిలో చారన్నం తిన్నారు, ఒకే డిపార్ట్‌మెంటులో ఉద్యోగాలు తెచ్చుకున్నారు. సామేలుకి రూతుతో పెళ్ళయింది, హబ్సిగూడలో ఇల్లయింది. ప్రభుదాసుకి సంబంధాలు వచ్చిన రోజుల్లో థీసిస్ అడ్డమొచ్చింది. థీసిస్ పూర్తయ్యేసరికి సంబంధాలు రావడం మానేశాయి. తార్నాకలో ఓ కోచింగ్ సెంటర్ పైన రెండు గదులు తీసుకుని అక్కడే ఉండిపోయాడు. పండగైనా, జ్వరమొచ్చినా సామేలు ఇంటికే పోయేవాడు. మరో గడప తొక్కి ఎరగడు.

పడవ సంగతి తెచ్చింది వాళ్ళ ఊరి మత్స్యకారుల సంఘం. ఒడ్డు కనిపించనంత దూరం పోయి, నాలుగైదు రోజులు అక్కడే ఉండి ట్యూనా చేపలు పట్టుకొచ్చే పడవ కావాలన్నారు. మామూలు పడవ అంత దూరాన అలకి అటూ ఇటూ దొర్లుతుంది, మనిషి నిలబడి పని చెయ్యలేడు. అందుకని వీళ్ళు జంట పడవ గీశారు. రెండు సన్నటి డొప్పలు, మధ్యన ఖాళీ, పైన రెంటినీ కలుపుతూ అడ్డదూలాలు, వాటి మీద బల్ల. ఒక్కో డొప్పకీ లోపలి వైపు గోడలా తిన్నగా ఉంటుంది, బయటి వైపు పొట్టలా ఉబ్బి ఉంటుంది. కాబట్టి ఎడమది వేరు, కుడిది వేరు. సామేలు గీతల మనిషి, ప్రభుదాసు లెక్కల మనిషి. సామేలు ఎడమ డొప్ప ఒక్కటే గీసి, కింద మూలన "కుడిది దీన్ని అద్దంలో చూసినట్టు" అని రాసి ఊరుకున్నాడు. ఉన్నది ఇద్దరమే, ఇద్దరికీ తెలిసిన సంగతే, మళ్ళీ గియ్యడం దేనికని.

తగువు పడక దగ్గర వచ్చింది. డొప్ప లోపల మనిషి నడుం వాల్చడానికి ఒక పడక ఉండాలన్నాడు సామేలు. ఆ చోట ఇంకో ఐసు పెట్టె పడుతుందన్నాడు ప్రభుదాసు.

"నిద్రపోవడానికి పోతారంట్రా సముద్రానికి?"

"నాలుగు రోజులు అక్కడే ఉండాలి కదరా. ఒకడు మేలుకుంటే ఒకడు పడుకోవద్దా? ఒంటికట్టెవి, పక్కనున్నోడి అలుపు నీకెట్టా తెలుస్తుంది!"

మాట అన్నాక సామేలు నాలుక కరుచుకున్నాడు. కానీ ఆ మాట అన్నది విద్యార్థుల ముందు. ప్రభుదాసు మొహం నల్లబడిపోయింది.

"సరే. నీ డొప్ప నువ్వు చేసుకో, నా డొప్ప నేను చేసుకుంటా."

అంతే. షెడ్డుని రెండు చేస్తూ మధ్యలో టార్పాలిన్ పట్టా ఒకటి వేలాడుతుండేది, ఒకరి రంపపు పొట్టు ఇంకొకరి తడి రెసిన్ జిగురు మీద పడకుండా. ఆ రోజు నుంచి దాన్ని పక్కకి లాగినవాడు లేడు. ఇద్దరూ అరవైకి దగ్గర పడ్డవాళ్ళే, ఇద్దరికీ డాక్టరేట్లున్నాయి, అలిగితే మాత్రం ఒకటో తరగతి పిల్లలే నయం.

అయితే పని మాత్రం ఇద్దరూ మానలేదు. క్లాసులైపోగానే షెడ్డుకొచ్చి, ఇటొకరు అటొకరు చెక్కలు కోసి పక్కటెముకల్లా ఫ్రేములు నిలబెడుతూ, ఫైబర్ అతుకుతూ, గ్రైండర్ పడుతూ నెలలు గడిపారు. మాటల్లేవు గానీ టార్పాలిన్ చప్పుడుని ఆపదు కదా. సుత్తి దెబ్బని బట్టి సామేలు ఏ మేకు కొడుతున్నాడో ప్రభుదాసుకి తెలిసిపోయేది. రెసిన్ ఘాటుకి సామేలు దగ్గేవాడు, మూడు పొడి దగ్గులు, ఆ తర్వాత గొంతు సవరింపు. ఆ దగ్గు వినపడని సాయంత్రం ప్రభుదాసుకి పని సాగేది కాదు. గదికి పోతే కింద కోచింగ్ సెంటర్లో ఎవరో పిల్లలకి ఎవరో చెప్పే లెక్కలు తప్ప మరో గొంతు లేదు. వంటగదిలో ఒక కంచం, ఒక గ్లాసు. అంత ఒంటరితనం అంతకుముందు కూడా ఉన్నదే. సామేలు ఉన్నంతకాలం అది అతని కంటపడలేదు.

ఇంకో సంగతి. ప్రభుదాసు తన డొప్పలో పడక పెట్టాడు. ఐసు పెట్టె తీసేసి, నున్నటి బల్ల, తల కింద చిన్న ఎత్తు, అన్నీ కుదిరేలా చేశాడు. చేసి, ఆ మాట చెప్పడానికి టార్పాలిన్ దాకా పోయి, పట్టా పట్టుకుని నిలబడి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

మే నెలలో ఓ ఆదివారం చర్చి బయట రూతు అతన్ని ఆపింది. భర్త మాట్లాడకపోయినా ఆమె పలకరింపు మానలేదు.

"అన్నయ్యా, జూన్ ఆఖరుకి ఈయన రిటైరవుతున్నారు. ఇల్లు అమ్మేసి ఊరెళ్ళిపోతున్నాం. మీకు చెప్పే ఉంటార్లెండి."

"ఆ, చెప్పాడమ్మా," అన్నాడు ప్రభుదాసు. అబద్ధం. దాన్ని అబద్ధమని ఆమె కనిపెట్టింది కూడా.

ఆ రోజే నిశ్చయించుకున్నాడు. ఎండాకాలంలో చేపల వేట మీద ఉండే నిషేధం ముగిసేలోపు డొప్పల్ని తీసుకుపోవడానికి సంఘం వాళ్ళు లారీ పంపుతున్నారు. అంతకు ముందు అడ్డదూలాలు ఒకసారి బిగించి చూడాలి. బిగించే రోజు టార్పాలిన్ ఎలాగూ తియ్యాలి. అప్పుడు మాట్లాడాలి. పడక చూపించాలి. "తప్పు నాదేరా" అనాలి. ఆ రోజు దాటితే ఇక జన్మలో మాట కలవదని అతనికి భయం పట్టుకుంది.

సామేలు తన డొప్ప పూర్తిచేసి ఇంటికి పోయాడని వర్క్‌షాపు అటెండరు రాజలింగు చెప్పిన మర్నాడు, సామేలు కోసం చూసి చూసి, ప్రభుదాసూ రాజలింగూ కలిసి టార్పాలిన్ విప్పారు. అది దబ్బున కిందపడింది. దుమ్ము అణిగాక రెండు డొప్పలూ పక్కపక్కన కనిపించాయి.

రాజలింగు నడుం మీద చేతులేసుకుని మురిసిపోయాడు. "సార్, రెండు అచ్చం ఒక్క తీరుగనే ఉన్నయి! ఇసుమంత ఫరక్ లేదు. మస్తు జేసిన్రు సార్ ఇద్దరు!"

ప్రభుదాసు వంగి రెండు డొప్పల పక్కలూ తడిమి చూశాడు. రాజలింగు మెచ్చుకున్నదే కొంప ముంచింది. అవి ఒక్కలా ఉండకూడదు. రెంటికీ ఎడమ పక్కే పొట్ట ఉంది. ఎడమకాలి చెప్పులు రెండు కుట్టి కూర్చున్నారు ఇద్దరు ప్రొఫెసర్లు! ఒకదాన్ని తిప్పి పెట్టి చూద్దామా అంటే ముక్కు వెనక్కి పోతుంది, పడవ సగం ముందుకి, సగం వెనక్కి నడవాలి. బొమ్మలో ఉన్నది ఎడమది. తను దాన్ని చూసి ఎడమది చేశాడు, సామేలు ఎలాగూ కుడిది చేస్తాడులే అని. అవతల వాడూ అదే అనుకుని ఉంటాడు. "ఏరా, నువ్వు ఏది చేస్తున్నావ్?" అని ఒక్క మాట అడిగితే లోకువైపోతామనుకున్నారు.

ఆటో కూడా ఎక్కకుండా ఆ ఎండలో హబ్సిగూడ దాకా నడిచాడు. రూతు తలుపు తీసింది. హాలంతా అట్టపెట్టెలు. వాటి మధ్య స్టూలు మీద సామేలు పుస్తకాలకి తాడు కడుతున్నాడు.

"రెండూ ఎడమవేరా," అన్నాడు ప్రభుదాసు గుమ్మంలోంచే. ఎన్నో అనుకుని వచ్చాడు, అన్నీ పోయి అది మిగిలింది.

సామేలు తల ఎత్తలేదు. "తెలుసు."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"నాలుగో ఫ్రేము కాడ్నుంచి. నువ్వు రాని రోజొకటి పట్టా ఎత్తి నీ వైపు చూశా. నీదీ ఎడమదే."

"మరి చెప్పలేదేంట్రా! అప్పటికింకా ఏమీ కాలేదు. విప్పేసి కుడిది మొదలెట్టేవాడివిగా! తప్పని తెలిసి మొత్తం డొప్ప ఎందుకు చేశావు?"

సామేలు తాడు ముడి వేశాడు, విప్పాడు, మళ్ళీ వేశాడు.

"చెబితే పని ఆగేది. తప్పు నీదా నాదా అని ఇంకో గొడవ. గొడవైతే నువ్వా షెడ్డుకి రావు, నాకు తెలుసు నీ సంగతి. రిటైరయ్యే ఏడాది... పట్టా అవతల నీ గ్రైండర్ చప్పుడు వినపడేదిరా. అది చాలనుకున్నా. తప్పో ఒప్పో, చెక్కకి చెక్క అతుక్కుంటా కూర్చున్నా."

ప్రభుదాసు ఓ అట్టపెట్టె మీద కూలబడ్డాడు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. రూతు మంచినీళ్ళు తెచ్చి, ఇద్దరి మధ్యా పెట్టి లోపలికి పోయింది.

"మొన్న మళ్ళీ చూశా," అన్నాడు సామేలు, గ్లాసు అతని వైపు జరిపి. "పడక బాగా కుదిరింది. తల కాడ ఎత్తు పెట్టాలని నాకు తోచలేదు."

ఇలాంటి చోట అన్నీ సర్దుకుంటే బాగుండును. సర్దుకోలేదు. లారీ వద్దని సంఘానికి ఫోను చేస్తే వాళ్ళు పెట్టిన చీవాట్లకి ప్రభుదాసు చెవులు చిల్లులు పడ్డాయి. ఒక వేట కాలం పోయినట్టే. స్టాఫ్‌రూములో కొత్త జోకు పుట్టింది. ఇల్లు అమ్ముడైపోయింది, రిటైర్మెంటు ఆగేది కాదు. సామేలు డొప్పనే ఉంచుకుని, దానికి జతగా కుడిది తను చేస్తానన్నాడు ప్రభుదాసు. మిగిలిన వారాలు ఇద్దరూ కలిసి దాని బొమ్మ గీశారు. ఈసారి కుడిది కుడిదిగానే, పూర్తిగా. తర్వాత సామేలూ, రూతూ రైలెక్కారు.

వానలు మొదలయ్యాయి. షెడ్డు ఇప్పుడు పెద్దదైపోయింది. టార్పాలిన్ని మడిచి మూలన పెట్టాడు, దాని అవసరం లేదు. అయినా పని ముందుకు పోవడం లేదు. చెక్క చేత్తో పట్టుకుని, అవతలి వైపు ఏదో వినపడాలన్నట్టు ఆగిపోతున్నాడు. ఓ సాయంత్రం ఇక ఉండబట్టలేక ఫోను చేశాడు.

"ఏరా, ఏం చేస్తున్నావ్?" అన్నాడు సామేలు.

"మొదటి ఫ్రేము నిలబెట్టా."

"ఏది?"

"కుడిదేలే. రెండుసార్లు చూసుకున్నా." ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"ఫోను పెట్టెయ్యకు," అన్నాడు ప్రభుదాసు.

"పెట్టను."

ఫోను బల్ల మీద, రెసిన్ డబ్బాకి ఆనించి పెట్టి, గ్రైండర్ ఆన్ చేశాడు. ఆ చప్పుడులో ఇంకేమీ వినపడదు. చాలాసేపు పట్టాడు. బాపట్ల దగ్గర అరుగు మీద కూర్చుని ఒక ముసలాడు చెవి దగ్గర ఈ గోల ఎంతసేపని భరిస్తాడు, ఎప్పుడో పెట్టేసి ఉంటాడనుకున్నాడు. గ్రైండర్ ఆపాడు.

మూడు పొడి దగ్గులు, ఆ తర్వాత గొంతు సవరింపు.

ప్రభుదాసు కళ్ళు తుడుచుకుని మళ్ళీ గ్రైండర్ ఆన్ చేశాడు.