పన్నెండో గీత

మూడోసారి కంప్యూటరును ఆపి మళ్లీ వేసింది ఆమె. లినక్సు తెర నిండా తెల్లటి వరసలు గబగబా పరుగెత్తి, బుద్ధిగా ఆగాయి. శబ్దాన్ని పలికించే సాఫ్ట్‌వేరు, అదే కొత్త సౌండు డ్రైవరు, ఎక్కిందనే తెర చెబుతోంది. హెడ్‌ఫోన్లలో మాత్రం చడీచప్పుడూ లేదు. పాత డ్రైవరు వేసినా అంతే.

అంధుల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే గ్రంథాలయం అది. మూడింటికి చదివే టీచరమ్మ వస్తుంది. ఈలోగా యంత్రం పలకకపోతే, మంత్రగాడు ఉంటే బాగుండేదంటారు అందరూ. ఆ మాట పడటం కంటే ఉద్యోగం మానేయడం నయం.

మంత్రగాడన్నది ఆమె తోటి ఉద్యోగికి ఆఫీసు పెట్టిన పేరు. ఇద్దరూ ఒకే రోజు చేరారు. పన్నెండేళ్లుగా తీగలు అతికేది, రికార్డింగుల్లోంచి దగ్గులూ తుమ్ములూ కత్తిరించేది ఆమె, పొగడ్తలు అతనికి. డ్రైవరు మార్చాల్సి వస్తే అందరినీ బయటికి పంపి తలుపేసుకునేవాడు. అరగంటకు నవ్వుతూ తీసేవాడు. కిటుకు దాచుకుంటున్నాడని ఆమెకు ఒళ్లు మండేది. అతను ఆస్పత్రిలో చేరాడని విన్నప్పుడు, పాపం అనుకునేలోపే, ఇక నా వంతు అనుకుంది. సిగ్గుపడింది కూడా, కానీ తర్వాత.

టీచరమ్మ ముందే వచ్చేసింది.

"ఆయన లేరామ్మా?"

"నేనున్నానుగా. లోపల కూర్చోండి."

ఫోను చేసి అతన్నే అడగొచ్చు. ఆమె అడగదు. వేరే హెడ్‌ఫోన్ల కోసం అతని సొరుగు లాగింది. అడుగున అతికించిన చీటీ, అతని చేతిరాత:

"డ్రైవరు మారిస్తే అన్నీ మ్యూట్‌లోకి పోతాయి. తీశావా? మళ్లీ మరిచిపోయావు, మొద్దూ."

కింద నిలువు గీతలు, పదకొండు.

దాచుకున్నది కిటుకు కాదు, మతిమరుపు. ఇన్నేళ్లూ కుళ్లుకున్నది ఈ మొద్దును చూసా? ఆమెకు నవ్వాగలేదు. మ్యూట్ తీయగానే, టీచరమ్మ గొంతు సవరించుకోవడం చెవుల్లో పడింది. పెన్ను తీసి పదకొండింటి పక్కన తన గీత గీసింది. సాయంత్రం ఆస్పత్రికి వెళ్లి, ముందు నాలుగు తిట్టి, తర్వాత ఇది చెప్పాలి. నవ్వుతాడు.

గాజు తలుపు అవతల మేనేజరు నిలబడి, టీచరమ్మ చదువుతున్న పేజీ అయ్యేదాకా ఆగాడు.

"వాళ్లావిడ ఫోను చేసింది. భోజనాల వేళ పోయాడట."

ఆమె సొరుగు మూయబోయి, ఆగింది. చీటీ మీద పదకొండు గీతలు నల్లవి, చివరిది నీలం. దాని పక్కన ఇంకా బోలెడు జాగా ఉంది.