పైపులో పుదీనా

మా ఆయన చేతికి డ్రిల్లింగ్ మెషిన్ ఇచ్చిన పాపం నాదే. పుట్టినరోజుకి ఏం కావాలని అడిగితే అదే కావాలన్నాడు, కొనిచ్చాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ గోడకూ మనశ్శాంతి లేదు. తువ్వాళ్ళు తగిలించుకునే కొక్కేలతో మొదలుపెట్టి, వంటింటి గోడలో ఉన్న నీళ్ళ పైపుకి కన్నం పెట్టడానికి ఆయనకి వారం కూడా పట్టలేదు. ఆ కన్నానికి పూసిన జిగురు ఇప్పటికీ సింకు కింద చీమిడిలా వేలాడుతూ ఉంటుంది. అటు చూడకుండానే నేను గిన్నెలు కడుక్కుంటాను. ఆయన మాత్రం ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళనీ వంగోబెట్టి మరీ దాన్ని చూపిస్తాడు.

ఆయనది బీమా ఆఫీసులో ఫారాలు సరిచూసే ఉద్యోగం. రోజంతా కాగితాలు తిరగేసి వచ్చాక చేతులు దురద పెడతాయి కాబోలు, ఫోన్‌లో వీడియోలు చూస్తూ ఇల్లంతా కలయతిరుగుతాడు. ప్లంబర్ అన్నా, తాపీమేస్త్రీ అన్నా ఆయనకి ఒళ్ళుమంట. "వాళ్ళు చేసేదేంటి, నేను చెయ్యలేనిదేంటి" అంటాడు. ఇంట్లో ఏ వస్తువూ ఊరికే పడి ఉండకూడదన్నది ఇంకో పట్టుదల. పాత టైరు కుండీ అయింది. విరిగిన కుర్చీ మీదికి బీరపాదు పాకింది. మేము పళ్ళు తోముకుని పారేసిన బ్రష్షులు మొక్కలకి ఊతకర్రలయ్యాయి. ఒక టమాటా మొక్క పక్కన నా పాత బ్రష్షుని నేను గుర్తుపట్టిన రోజున నాకు అన్నం సయించలేదు.

కిందటి వేసవిలో ఆయన చూపు వెనక గోడ మీదున్న లావుపాటి పైపు మీద పడింది. పై అంతస్తులో మేము వాడే మరుగుదొడ్డి నుంచి కిందికి దిగే పైపు అది. అదే పైపు పైకి కూడా సాగి, డాబా దాటి, నోరు తెరుచుకుని నిలబడి ఉండేది.

"ఆ పై భాగంలోంచి నీళ్ళేమన్నా పోతున్నాయా?" అని అడిగాడు.

"నాకేం తెలుసు?"

"పోవట్లేదు. పొద్దున్నుంచి చెవి పెట్టి విన్నాను. ఊరికే నిలబడి ఉంది."

చదువుకున్న మనిషి, పొద్దున్నే నిచ్చెనెక్కి మురుగు పైపుకి చెవి ఆనించి కూర్చున్నాడు. అప్పుడే నేను ఆ నిచ్చెన లాగేసి ఉండాల్సింది.

ఆ ఆదివారమే పై భాగాన్ని రంపంతో కోసేశాడు. మిగిలిన మొండెం నోట్లో మందపాటి ప్లాస్టిక్ కవరు కుక్కి, మీద సిమెంటు మెత్తి, వేలితో తేదీ కూడా రాశాడు. కోసిన ముక్కలకి వరసగా రంధ్రాలు పెట్టి, మట్టి నింపి, ప్రహరీగోడకి అడ్డంగా బిగించి పుదీనా నాటాడు. మట్టి నింపకముందు ఆ పైపు లోపలికి నేను తొంగిచూశాను. గోడలంతా నల్లటి నూగు, తడిగా, జిడ్డుగా. నాకు నోట్లో నీళ్ళూరాయి, వాంతికి ముందు ఊరే నీళ్ళు.

"రెండుసార్లు కడిగానుగా" అన్నాడు మా ఆయన.

పుదీనా మాత్రం కుళ్ళుకునేంత ఏపుగా పెరిగింది. పక్కింటి టీచరమ్మ వచ్చి ఫొటోలు తీసుకుని, గుప్పెడు కోసుకుని పోయింది. మా ఆయన రోజూ టీలో వేయమనేవాడు. నేను నా కప్పులో తప్ప అందరి కప్పుల్లోనూ వేసేదాన్ని.

మా అత్తయ్య గది కింది అంతస్తులో వెనకవైపు ఉంటుంది, దానికే ఒక బాత్రూం. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. ముప్పై ఏళ్ళు పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి, పదకొండేళ్ళుగా మా దగ్గరే ఉంటోంది. నాకూ ఆవిడకీ మధ్య పెద్ద ప్రేమలు ఒలికిపోలేదు గానీ, ఒకరి మాట ఒకరికి బరువు కాకుండా గడిచింది. ఆవిడ దుప్పటి మడత పెడితే అంచులు కత్తిరించినట్టుండేవి. గోళ్ళలో మట్టి ఉంటే కన్నకొడుకునైనా మంచం మీద కూర్చోనిచ్చేది కాదు.

పుదీనా నాటిన పది రోజులకి అత్తయ్య గదిలో కంపు మొదలైంది.

అది ఎప్పుడూ ఉండేది కాదు. ఉన్నట్టుండి గుప్పుమనేది, కుళ్ళిన గుడ్డులాగా, ముక్కులోంచి గొంతులోకి దిగేలాగా. కాసేపుండి పోయేది. పొద్దున ఎక్కువ, సాయంత్రం మేము ఇంటికొచ్చాక ఎక్కువ. ఒక మనిషి నుంచి కాకపోతే ఇంకెక్కడి నుంచి వస్తుందలా? నాకు ఒక్క క్షణం కూడా ఇంకో ఆలోచన రాలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది.

మా ఆయన గుమ్మంలోనే ఆగి, "అమ్మా, బట్టలేమన్నా పాడయ్యాయేమో చూసుకో" అన్నాడు. ఆవిడ చీర కుచ్చెళ్ళు తడుముకుని చూసుకుంది. ఏమీ లేదంది. తర్వాత మేము వెళ్ళిపోయాక మళ్ళీ చూసుకుని ఉంటుంది.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఏ రోగమూ లేదన్నాడు. రోగం లేకపోతే శుభ్రం లేదన్నమాటేనని నేను తీర్మానించేశాను. పొద్దునా సాయంత్రం నేనే స్నానం చేయించడం మొదలుపెట్టాను. మెడ కింద, చంకల్లో, వేళ్ళ సందుల్లో మందు సబ్బు పెట్టి రుద్దేదాన్ని. రుద్దుతున్నంతసేపూ ముఖం పక్కకి తిప్పుకునేదాన్ని. భుజం మీద చర్మం పొట్టు లేచినా ఆవిడ రెండో భుజం కూడా నా వైపు తిప్పేది. పరుపు మీద ప్లాస్టిక్ షీటు పరిచాను. భోజనాల బల్ల దగ్గర ఒకసారి ఆ కంపు వచ్చేసరికి, మర్నాటి నుంచి ఆవిడ కంచం గదిలోకే పంపాను. "మీకు సుఖంగా ఉంటుంది అత్తయ్యా" అన్నాను. ఆ మాట అనడానికి నాకు సిగ్గేయలేదు.

సాయంత్రం నాలుగు దాటితే ఆవిడ మంచినీళ్ళు మానేసింది. వాన పడుతున్నా కిటికీ తీసి, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎవరైనా లోపలికొస్తే కుర్చీ ఇంకాస్త వెనక్కి జరుపుకునేది. ఒకరోజు నన్నడిగింది. "అమ్మాయ్, నాకు ఆ వాసన వచ్చినప్పుడు తెలుస్తోంది. కానీ నా ఒంట్లోంచి ఎక్కడి నుంచి వస్తోందో తెలియట్లేదు. నీకేమన్నా తెలుస్తోందా?"

"ముసలితనం అత్తయ్యా, ఏం చేస్తాం" అన్నాను నేను.

ఇలా ఆరు నెలలు. ఆఖరికి మా ఆయన తన అక్కకి ఫోన్ చేశాడు. వదిన వచ్చి, గదిలో రెండు నిమిషాలు నిలబడి, చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చేసింది. వాళ్ళింట్లో కారు షెడ్డు వెనక ఒక గది ఉందనీ, విడిగా ఉంటుంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదనీ, అమ్మని అక్కడ పెట్టుకుంటాననీ చెప్పింది. అత్తయ్యకి వెళ్ళడం ఇష్టం లేదు. ఈ కిటికీ, ఈ వీధి, ఉదయం పలకరించి పోయే టీచరమ్మ, సాయంత్రం కొడుకు చెప్పుల చప్పుడు, అవే ఆవిడకి మిగిలినవి. అయినా, "సరే, మీకెలా వీలైతే అలా" అంది.

ఆ సాయంత్రం మా ఆయన టేపు పట్టుకుని గదిలోకి వెళ్ళాడు. ఖాళీ అవుతుంది కదా, అందులో పనిముట్ల బల్ల, నారు పెంచే అరలు పెట్టాలట. నేను కాఫీ పట్టుకుని వెళ్ళేసరికి గోడ కొలుస్తున్నాడు. టేపు రెండో కొస అత్తయ్య పట్టుకుని ఉంది.

"కాస్త గట్టిగా పట్టుకో అమ్మా, జారుతోంది" అంటున్నాడు. ఆవిడ రెండు చేతులతో పట్టుకుంది. నాకు ఆ మనిషి ముఖాన కాఫీ పోయాలనిపించింది. పోయలేదు. కప్పు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ముందు ఒక్క రోజు ఉండి చూడమని వదిన అత్తయ్యని తీసుకెళ్ళింది. ఆ పూటే నేను గదిని కడిగేశాను. గోడలు తుడిచాను. పరుపు, దిళ్ళు ఎండలో వేశాను. దుప్పట్లు మరగబెట్టాను. చీరలు మూటగట్టి బయట పెట్టాను. వట్టి మంచం, వట్టి గోడలు మిగిల్చి తలుపు వేశాను.

మర్నాడు పొద్దున కిటికీ తీద్దామని లోపలికి వెళ్ళాను. పైన మా ఆయన ఫ్లష్ లాగాడు. గోడలో పైపు పొడుగునా నీళ్ళు దిగిన చప్పుడు వినిపించింది. వెంటనే అత్తయ్య బాత్రూంలో నేల మీద నీళ్ళు పోయే జాలీ గుడగుడమని గుటకలు వేసింది. దాని వెనకే వచ్చింది కంపు. అదే కంపు. ఎవ్వరూ లేని గదిలో, కడిగిన నేల మీద, నా ముఖం మీదికి వచ్చింది.

నేను మంచం పట్టీ మీద కూర్చున్నాను. ఆ భుజం మీద లేచిన పొట్టు, ఆవిడ మానేసిన మంచినీళ్ళు, గదిలోకి పంపిన కంచం, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

మా ఆయన ఆఫీసుకి వెళ్ళగానే ప్లంబర్‌ని పిలిచాను. నెరిసిన మీసాల పెద్దమనిషి. జాలీ తీసి చూశాడు, పైకెళ్ళి బకెట్టు నీళ్ళు గుమ్మరించి వచ్చాడు, మళ్ళీ చూశాడు. తర్వాత వెనక్కి వెళ్ళి గోడకేసి తలెత్తాడు.

"పై పైపు ఏదమ్మా?"

ప్రహరీగోడ మీది పుదీనా చూపించాను. ప్లంబర్ దగ్గరికెళ్ళి ఆ పైపుని వేలితో తట్టి చూశాడు.

"ఇది తింటున్నారా?"

"నేను తినట్లేదు" అన్నాను, అదేదో గొప్పయినట్టు.

"అది గాలి పైపమ్మా. మురుగులో పుట్టే గాలి అందులోంచి డాబా పైకి పోవాలి. దాన్ని మూసేస్తే, పైన నీళ్ళు వదిలినప్పుడల్లా కింద జాలీలో నిలవుండే నీళ్ళని అది పీల్చేస్తుంది. ఆ నీళ్ళే కంపుకి మూత. మూత పోయాక ఇంకేముంది, మీ పైవాళ్ళు వెళ్ళిందంతా కింది గదిలో వాసనొస్తుంది."

మా పైవాళ్ళంటే మేమే, నేనూ మా ఆయనా. పొద్దునా సాయంత్రం మేము పైన పని కానిచ్చుకుని, కిందికి దిగి వచ్చి, ఆ వాసనకి ఆవిడని కడిగాం.

ఫోన్ చేసి చెబితే మా ఆయన ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. నిచ్చెన మీద ప్లంబర్ ఆ సిమెంటు పగలగొడుతుంటే తేదీ రాసిన పెచ్చు వచ్చి కాళ్ళ దగ్గర పడింది. "ఈ సంగతి వీడియోలో చెప్పలేదు" అన్నాడు మా ఆయన. ఆ ముఖం చూడడానికి కూడా నాకు అసహ్యమేసి లోపలికి వచ్చేశాను. అద్దంలో నా ముఖమూ అంతకంటే మెరుగ్గా ఏం లేదు.

ప్లంబర్ కొత్త పైపు బిగిస్తుండగా వదిన కారు ఆగింది. మిగతా సామాను తీసుకోవడానికి అత్తయ్యా వచ్చింది. నిచ్చెన మీదున్న మనిషినీ, కొత్త పైపునీ ఒకసారి చూసి, ఏమీ అడగకుండా బయట పెట్టిన చీరల మూటని తన గదిలోకి తీసుకెళ్ళి, విప్పి మడతపెట్టడం మొదలుపెట్టింది. నేను వెనకే వెళ్ళాను. జాలీ, ఫ్లష్, గాలి పైపు, పుదీనా, ఆయన చేసింది, నేను చేసింది, ఏదీ దాచకుండా చెప్పాను. చెబుతూ ఏడ్చాను.

"మీ ఒంట్లో ఏం లేదు అత్తయ్యా. ఎప్పుడూ లేదు. అదంతా మాది. మీరెక్కడికీ వెళ్ళొద్దు."

ఆవిడ చేతిలో చీర పక్కన పెట్టి, నా తల మీద చెయ్యి వేసింది. వెంటనే గుర్తొచ్చినట్టు ఆ చెయ్యి తీసేసుకుంది.

"మంచిదానివమ్మా. నా మనసు కష్టపడకూడదని ఆ మనిషిని కూడా పిలిపించి, ఇంత ఖర్చు పెట్టావు."

"అత్తయ్యా, నిజం చెబుతున్నాను. ఆ ప్లంబర్‌నే అడగండి."

"ఆయనేం చెబుతాడో నాకు తెలుసులే" అంది నెమ్మదిగా. "వార్డులో కొందరు పేషెంట్ల దగ్గర నిలబడలేకపోయేవాళ్ళం. వాళ్ళు అడిగేవాళ్ళు, సిస్టర్, ఈ వాసన నా దగ్గర్నుంచేనా అని. కాదండీ, ఇక్కడ డ్రైనేజీ బాగాలేదు, రేపు మనిషిని పిలిపిస్తాం అనేదాన్ని. ముప్పై ఏళ్ళు చెప్పాను. నమ్మేవాళ్ళు."

దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చుని, ఆవిడ భుజం మీద తల ఆనించబోయాను. ఆవిడ చేత్తో మెల్లగా నన్ను నెట్టి, తాను మంచం చివరికి జరిగింది.

"వద్దమ్మా" అంది. "అక్కడే కూర్చో."