వెంపలి బుడిపె

పొద్దున్నే వాకిలి ఊడ్చి, ముగ్గేసి, బియ్యం కడిగిన నీళ్ళు వెంపలి మొక్కకు పోయడం సుమంగళకు అలవాటు. రాయచూరులో ఆ గల్లీలో ఎవరైనా ఇద్దరు మాటలు మానేస్తే, వాళ్ళ గుమ్మాల మధ్యనున్న వెంపలి కాడ మీద బుడిపె లేస్తుంది. లోపల పురుగు పెరుగుతుంది. అది చిన్న తెల్ల రెక్కల పురుగై బయటికొచ్చి ఎవరి మీద వాలితే వాళ్ళు ముందు పలకరించాలి. అందులో నామోషీ ఏమీ లేదు. గురురాజ్ సారుకూ ఆయన ఇంటి ఓనరుకూ లేచిన బుడిపె పదకొండు రోజుల్లో విచ్చుకుంది. ఈరప్ప మాత్రం ఆగలేక తనదాన్ని కొడవలితో కోసేశాడు. ఇప్పటికీ అతనూ తమ్ముడూ పెళ్ళిపందిట్లో ఎదురుపడినా కొత్తవాళ్ళలాగే తప్పుకుంటారు.

సుమంగళకూ పక్క గుమ్మంలోని పెద్ద తోడికోడలు కృష్ణాబాయికీ లేచినది రెండేళ్ళయినా విచ్చుకోలేదు. మొగుళ్ళిద్దరూ ఒకే బట్టల అంగట్లో కూర్చుని హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు, పంతమంతా వీళ్ళదే. అత్తగారు పోయిన పదోరోజున కృష్ణాబాయి చుట్టాల ముందు, "ఆమెకు చేసింది నేనొక్కదాన్నే" అంది. మూడేళ్ళు మంచాన ఉన్న అత్తగారిని ఎత్తి కూర్చోబెట్టి స్నానం చేయించింది సుమంగళ. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు నిండుతాయి.

ఆ రోజు వాకిట్లో టెంపో ఆగింది. ఎడమొహం పెడమొహం కాపురం ఎన్నాళ్ళని, కృష్ణాబాయి వాళ్ళు చిక్కసూగూరులో ఇల్లు తీసుకున్నారు. మంచం ఎక్కింది, బీరువా ఎక్కింది. అక్క వెళ్ళిపోయాక బుడిపె విచ్చుకుని ఏం లాభం? సుమంగళ కూరలు తరిగే చాకు తెచ్చి మొక్క దగ్గర కూర్చుంది. చాకు ఆనించగానే లోపల ఏదో మెదిలింది. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"జర జల్ది రావే తల్లీ," అంది లోపలి పురుగుతో.

బిందెతో బయటికొచ్చిన కృష్ణాబాయి చాకు చూసి కొయ్యబారిపోయింది. అప్పుడే బుడిపెకు ఓ పక్క గుండ్రటి కిటికీ తెరుచుకుంది. గోరంత తెల్ల పురుగు బయటికొచ్చి రెక్కలు ఆరబెట్టుకుంది. సుమంగళ తల చుట్టూ తిరిగింది. కృష్ణాబాయి బిందె మీదుగా పోయింది. ఎవరి మీదా వాలకుండా గోడ దాటేసింది.

"అగో, ఎటు పాయె!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ముందెవరు మాట్లాడారో గల్లీలో ఇంకా తేలలేదు.

కృష్ణాబాయి బిందె దించింది. "చాకు పట్టుకొని కూసుంటివేందే? కోసేస్తవేమోనని నా పానం పోయింది."

"చేతులు రాలే అక్కా."

కృష్ణాబాయి పక్కనే చతికిలబడింది. "అత్తమ్మకు చేసింది నువ్వే. నీ చేతిల తప్ప తినకపోతుండె. నాకు కడుపు మండి గట్ల అన్న," అంది.

"గీ మాట గప్పుడే చెప్తే ఏం పోతుండె?" అంటూ సుమంగళ ఆమె భుజం మీద పడి ఏడ్చింది.

టెంపో డ్రైవరు పంపన్న హారన్ కొట్టి, "పోదామా అమ్మా?" అని అరిచాడు.

"మంచం దించప్పా," అంది కృష్ణాబాయి. "మాకు రెండేండ్ల మాటలున్నయి."