ఫిక్రీ పేరిట నీళ్ళు

మంచాల పక్కనున్న నీళ్ళ సీసాలన్నీ బకెట్లో వేసుకుంటూ అతియ్యాత్ కిటికీ పక్క మంచం దగ్గరికొచ్చేసరికి, దాని మీదున్న ముసలావిడ తన సీసాను దుప్పటి కింద దాచేసింది. అతియ్యాత్ దుప్పటి ఎత్తలేదు. చెయ్యి చాచి నిలబడింది, అంతే. ముసలావిడ ఆ చేతివైపు కాసేపు గుర్రుగా చూసి, సీసా తీసి ఇచ్చేసింది.

"నువ్వు ఆడదానివా, తాళంకప్పవా?"

"తాళంకప్పనే తల్లీ. నీ ఆపరేషనయ్యాక తెరుచుకుంటా."

వార్డంతా నవ్వింది. టంటా ఊళ్ళోని ఆ ఆసుపత్రికి డాక్టర్లు వచ్చారు, పోయారు. ఆపరేషన్ల వార్డు ఆయాగా అతియ్యాత్ మాత్రం ఉండిపోయింది. పొట్టిగా, లావుగా ఉంటుంది. నల్ల గౌను మీద ఆసుపత్రి వాళ్ళిచ్చిన నీలం కోటు వేసుకుంటుంది. బ్లీచింగ్ నీళ్ళకి వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయాయి. మెట్లెక్కితే చెయ్యి గుండె మీదికి పోతుంది. ఆసుపత్రిలోనే ఉండి గుండె చూపించుకోవేమని నర్సు నవాల్ రోజూ సాధిస్తుంది. అతియ్యాత్ రోజూ రేపంటుంది.

ఆపరేషనున్నవాళ్ళు అర్ధరాత్రి నుంచి చుక్క ముట్టకూడదు. ఆ నియమాన్ని వార్డులో ఎవరు మరిచినా ఆమె మరవదు. పైగా వాళ్ళతో పాటు తనూ ముట్టదు. ఆఖరి పేషెంటు ఆపరేషన్ గది నుంచి మంచం మీదికి చేరేదాకా ఆమె గొంతులోకి నీళ్ళు దిగవు. అలా ఉండమని ఆమెకెవరూ చెప్పలేదు.

"మా పిన్నికి ఏడాదంతా రంజానే," అంటుంది నవాల్.

కారణం నవాల్‌కి తెలియదు. అతియ్యాత్ మొగుడు ఫిక్రీ రొట్టెల బట్టీలో పనిచేసేవాడు. ఒక ఆగస్టులో, ఇదే వార్డులో, హెర్నియా ఆపరేషన్ కోసం పడుకున్నాడు. పొద్దున జరగాల్సింది మధ్యాహ్నానికీ, మధ్యాహ్నానిది సాయంత్రానికీ వాయిదా పడింది. బట్టీ ముందు బతికినవాడే, ఆ రోజు ఉక్కకి తట్టుకోలేకపోయాడు.

"అతియ్యా, నాలిక తడుపు. అది చాలు."

ఆమె తడపలేదు. సీసా తీసుకెళ్ళి వరండాలో పెట్టేసింది. ఫిక్రీ అలిగి గోడవైపు తిరిగాడు. బండి మీద లోపలికి తోసుకుపోతున్నప్పుడు కూడా పెళ్ళాం మొహం చూడలేదు. మత్తులోనే గుండె ఆగిపోయింది. నీళ్ళిచ్చి ఉంటే నేనే చంపినదాన్నయ్యేదాన్ని, అని ఆమె తనకు తాను చెప్పుకుంది. ఆ ఒక్క మాటను పట్టుకుని ఇన్నేళ్ళు బతికింది.

సీసాల బకెట్ మూల పెడుతుంటే డాక్టర్ షహీరా వచ్చింది. కైరో నుంచి కొత్తగా వచ్చిన మత్తు డాక్టరు.

"పిన్నీ, వీళ్ళ నీళ్ళెవరు తీసేశారు?"

"నేనే డాక్టరమ్మా. ఒక్కరినీ చుక్క ముట్టనివ్వలేదు," అంది అతియ్యాత్ గర్వంగా.

"ఇవాళ్టి నుంచి ఆ పని మానెయ్. ఆపరేషన్‌కి రెండు గంటల ముందు దాకా మంచినీళ్ళు తాగొచ్చు. ఎక్కడెక్కడో వేలమందిని పరీక్షించి చూశారు. తాగినవాళ్ళకేమీ కాలేదు. నీళ్ళివ్వకుండా ఎండగట్టినవాళ్ళకే నీరసం, తలనొప్పి, వాంతులు. అన్నం, పాలు పోసిన టీ మాత్రం ఇవ్వకు. తాగకూడనివాళ్ళెవరైనా ఉంటే నేనే చెప్తా."

"ఇది... ఈమధ్యే తెలిసిందా అమ్మా?"

"ఈ కొత్త పరీక్షలు ఈమధ్యవే. అసలు సంగతి ఎప్పట్నుంచో అంటూనే ఉన్నారు. మన వార్డు దాకా వచ్చేసరికి ఇంతకాలం పట్టింది."

"ఐతే అప్పుడు తాగినా ఏమీ అయ్యేది కాదా?"

"నీళ్ళు అప్పుడైనా ఇప్పుడైనా నీళ్ళేగా పిన్నీ!" అని నవ్వేసి, షహీరా కిటికీ వైపు చూపించింది. "ఆ తఫీదా గారి ఆపరేషన్ మధ్యాహ్నానికి మారింది. ముందు ఆవిడకివ్వు."

డాక్టరు తప్పేమీ లేదు. ఆమెకు ఫిక్రీ సంగతి ఎలా తెలుస్తుంది?

అతియ్యాత్ సీసా మూత తీసింది. తఫీదా రెండు చేతులతో సీసా లాక్కుని తాగింది. ముడతలు పడ్డ ఆ గొంతులో నీళ్ళు దిగడం అతియ్యాత్ కన్నార్పకుండా చూసింది.

"తాళం తెరుచుకుందే!" అంది తఫీదా మూతి తుడుచుకుంటూ. "పోయిన నీవాళ్ళకి అల్లా చల్లని నీళ్ళు పోయించుగాక!"

అతియ్యాత్ దుప్పట్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఉతికిన దుప్పట్ల దొంతరలో మొహం పెట్టి ఏడ్చింది. చావు దేవుడి చేతిలో ఉంది సరే, ఆ గుక్కెడు నీళ్ళు తన చేతిలోనే ఉన్నాయి కదా. ఊరికే దాహంతో పంపింది. ఊరికే అలిగించింది.

మధ్యాహ్నం తఫీదా క్షేమంగా మంచం చేరింది. అప్పుడు కూడా అతియ్యాత్ నీళ్ళు ముట్టలేదు.

ఆమె ఉండే సందు మొదట్లో ఫిక్రీ బాన ఉంది. పోయినవాళ్ళ పేరిట దారిన పోయేవాళ్ళకి నీళ్ళు పెట్టడం అక్కడివాళ్ళ ఆనవాయితీ. తడిగోనె చుట్టిన మట్టి బాన, చెక్కమూత, గొలుసుకి కట్టిన సత్తు గ్లాసు. అతియ్యాత్ రోజూ పని నుంచి వస్తూనే కోటు విప్పకుండా కుళాయి నుంచి మోసి బాన నింపుతుంది. అందులోంచి ఆమె తాగడం మాత్రం ఎవరూ చూడలేదు.

ఇవాళ నింపి, పక్కనున్న రాయి మీద కూలబడింది. గ్లాసు ముంచి నోటి దగ్గర పెట్టుకుంది.

ఎదురుగా ఇస్త్రీ దుకాణం బయ్యూమీ చూడనే చూశాడు. "ఏంటొదినా, మా నీళ్ళు నువ్వే తాగేస్తున్నావ్?"

"దాహమేసింది బయ్యూమీ. సగమేలే. మిగతా సగం ఆయనకి."

బయ్యూమీకి అర్థం కాలేదు. ఇస్త్రీపెట్టె కింద చొక్కా మాడుతుందని దుకాణంలోకి తిరిగాడు. మళ్ళీ చూసేసరికి ఆమె బానకి తల ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. అలిసిపోయింది పాపం, కునుకు తియ్యనీ అనుకున్నాడు. ఎండ దిగి, మసీదులో నమాజు పిలుపు అయ్యాక కూడా లేవకపోతే లేపుదామని వెళ్ళాడు.

ఆమె ఒళ్ళు చల్లబడింది. గోనె తడి ఆమె చెంపకి అంటింది. ఒళ్ళో సత్తు గ్లాసు నిటారుగానే ఉంది, అందులో సగం నీళ్ళున్నాయి.