పాపారావు గారి కన్ను

రెండువేల నాలుగు మాఘమాసం. అప్పనపల్లి దగ్గర మా కొబ్బరితోటలో ప్లాస్టిక్ పాక వేసి, సంచుల్లో కోకో మొక్కలు పెంచుతున్నాను. రాత్రి మంచు, పగలు ఎండ. పొద్దుగూకితే పక్క తెరలు దించాలి, ఉదయం ఎనిమిదికల్లా చుట్టి పైకి కట్టాలి. లేకపోతే లోపల మొక్కలు ఉడికిపోతాయి. ఈ పాఠం మా ఆవిడ సుగుణకి రోజూ చెప్పేవాణ్ణి. అంత తెలిసినవాణ్ణి.

ఆరోజు తొమ్మిదిన్నరకి పాపారావు గారు గట్టు మీద వస్తూ కనిపించారు. రిటైరైన పోస్టుమాను. ఆయన మెచ్చుకుంటే గేదె పాలు ఎగచేపుతుందని, పాదు ఎండిపోతుందని ఊళ్ళో గుసగుస. నేను నమ్మనంటాను. అయినా గబగబా తెరలన్నీ దించేశాను.

ఆయన్ని అరుగు మీదే కూర్చోబెట్టాను. కాఫీ అయింది, బోండాం అయింది. కూతురు సత్యశ్రీ పురిటికొచ్చిందని సంబరంగా చెబుతున్నారు. ఎండ ముదిరింది. నేను పాక వైపు లేస్తే వెంట వస్తారని లేవలేదు. భోజనం వేళకి ఇంట ఉన్న మనిషిని పంపకూడదని సుగుణ ఆకు వేసింది. ఆయన వెళ్ళేసరికి ఒంటిగంట.

తెర ఎత్తగానే వేడి మొహాన కొట్టింది. థర్మామీటరు నలభై ఎనిమిది చూపిస్తోంది. రెండువేల మొక్కలూ ఉడికిన తోటకూరలా వాలిపోయాయి. తెరలన్నీ ఎత్తి కట్టాకే సుగుణని పిలిచాను. ఏమైందని అడిగింది. నేనే దించానంటే బతికినన్నాళ్ళూ దెప్పుతుంది.

“పాపారావు గారు చూసి వెళ్ళేరు” అన్నాను.

సాయంత్రానికి ఊరంతా పాకింది. అప్పటినుంచీ ఆయన మా గట్టు తొక్కలేదు. ఎదురుపడితే తల దించుకుని తప్పుకునేవారు. నాకు సిగ్గుతో అన్నం సహించేది కాదు. అయినా ఏడాది నోరు విప్పలేదు.

మళ్ళీ మాఘం వచ్చింది. కొత్త మొక్కలు లేచాయి. ఇక ఉండబట్టలేక ఆయనింటికి వెళ్ళి, మొక్కలు చూడ్డానికి రమ్మన్నాను.

“వద్దండీ. నా కన్ను మంచిది కాదు.”

“మీరసలు చూడలేదండీ. మీకు కనపడకూడదని తెరలు దించింది నేను. ఆ వేడికే చచ్చేయి. మీ మీద అబద్ధం చెప్పేను.”



“పాక మీద చూపు పడినా చాలేమో అనుకున్నానండీ” అన్నారు ఆయన. “మా మనవరాలికి పదకొండో నెల. దిష్టి తగులుతుందని ఇంతవరకూ ఎత్తుకోలేదు.”

నన్ను ఒక్క మాటా అనలేదు. లోపలికి తిరిగి, పాపని తెమ్మని, పండక్కి వచ్చి ఉన్న సత్యశ్రీని పిలిచారు. తను తెచ్చి అందించబోతే, పాప ఎవరో కొత్త మనిషిని చూసినట్టు గుక్కపట్టి ఏడ్చి, తల్లి మెడని కరుచుకుపోయింది.

ఆయన చాపిన చేతులు అలాగే ఉంచారు.